విద్యోపయోగమున నాలుగు కాలములు: పాఠశాలా దినచర్య – విద్యార్థి సామర్థ్యము

పతంజలి మహర్షి వ్యాకరణ మహాభాష్యము పస్పశాహ్నికమున శబ్దజ్ఞానమునకు ప్రతిపదపాఠము ఉపాయము కాజాలదని నిరూపించు సందర్భములో ఒక పురావృత్తమును ఉదాహరించినాడు. బృహస్పతి వంటి ప్రవక్త, ఇంద్రుని వంటి అధ్యేత, దివ్యమైన వేయి సంవత్సరముల అధ్యయనకాలము. ఇన్ని ఉండియు, ఒక్కొక్క శబ్దమునే చెప్పుకొనిపోగా అంతము కనబడలేదట. ఇక దీర్ఘాయువైనను నూరేండ్లకు మించి బ్రతుకని మనుష్యుని మాట ఏమని భాష్యకారుని ప్రశ్న. ఆ వెంటనే ఆయన చేర్చిన మాట విద్యావిషయమున ఎంతయు విచారింపదగినది. విద్య నాలుగు విధములుగ ఉపయుక్తమగునని ఆయన అభిప్రాయము. గురుముఖమున గ్రహించునది ఆగమకాలము. గ్రహించినదానిని తాను ఆవృత్తి చేసికొనునది స్వాధ్యాయకాలము. ఇతరులకు చెప్పునది ప్రవచనకాలము. పనిలో ప్రయోగించునది వ్యవహారకాలము. ప్రతిపదపాఠమును నమ్ముకొన్నవానికి ఆయువంతయు ఆగమకాలముననే వ్యయమైపోవును. తక్కిన మూటికి వాని జీవితమున చోటుండదు.

ఈ దోషము ప్రతిపదపాఠమునకే పరిమితము కాదు. నేటి ప్రాచ్యకళాశాలల కాలనిర్ణయ పట్టికను ముందుంచుకొని చూచినచో అందు కనిపించునది ఆగమకాలము ఒక్కటే. గంట మ్రోగగానే అధ్యాపకుడు ప్రవేశించును, పాఠము చెప్పును, మరల గంట మ్రోగగానే నిష్క్రమించును. స్వాధ్యాయము పరీక్షలకు ముందు పదునైదు దినములకు కుదించుకొనిపోయినది. ప్రవచనము ఉద్యోగము వచ్చిన తరువాతి మాట. వ్యవహారమన్నది ఏ పట్టికలోను లేదు. ప్రాచీన పాఠశాలలో అసలు పట్టికయే లేదు, దినచర్య ఉండెడిది. తెల్లవారుజామున లేచినది మొదలు రాత్రి దీపము తీసివేయువరకు విద్యార్థి చేయు పనులలోనే తక్కిన మూడు కాలములు ఇమిడియుండెడివి. పాఠశాలలు కళాశాలలుగా మారినపుడు గ్రంథములు వచ్చినవి, పండితులు వచ్చినారు. దినచర్య మాత్రము వెనుకనే నిలిచిపోయినది. రఘువంశమున మంచి మార్కులు పొందిన విద్యార్థి తాను చదువని సర్గలోని శ్లోకమునకు అన్వయము చెప్పలేకపోవుట, భాషాప్రవీణ పట్టము పొంది ఉన్నతపాఠశాలలో పండితుడుగా చేరిన యువకుడు మొదటి సంవత్సరమంతయు తరగతి యెదుట తడబడుట అధ్యాపకులకు తెలియని విషయములు కావు. దీనికి విద్యార్థుల మందబుద్ధియే కారణమని చెప్పుట సులభము. కాని అది సరియైన హేతువు కాదు.

శాస్త్రకారులు దైనందినానుభవమునకు ఇచ్చిన స్థానమును ముందుగా గుర్తింపవలెను. పదమునకు అర్థముతో గల శక్తిని గ్రహించు ఉపాయములను నైయాయికులు ఎనిమిదిగా లెక్కించినారు: వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివరణము, ప్రసిద్ధపద సాన్నిధ్యము. వీనిలో తక్కినవాటికి మూలమైనది వృద్ధవ్యవహారము. ఉత్తమవృద్ధుడు మధ్యమవృద్ధునితో ఆవును తెమ్మనును, అతడు తెచ్చును. ప్రక్కన ఆడుకొనుచున్న బాలుడు చూచును. మరల ఆవును కట్టివేయుమనును, గుఱ్ఱమును తెమ్మనును. ఒక పదము పోయి మరియొక పదము వచ్చినపుడు జరుగు పనిలో ఏది మారినదో, ఏది మారలేదో బాలుడు గమనించును. ఈ ఆవాపోద్వాపములచేతనే ఏ పదమునకు ఏది అర్థమో వానికి నిశ్చయమగును. ఇందు బాలునికి ఎవరును పాఠము చెప్పలేదు. పెద్దలు తమ పని తాము చేసికొనుచున్నారు. చూచుట, పోల్చుట, నిర్ణయించుట బాలుని వంతు. కోశమును గాని వ్యాకరణమును గాని చదువవలెనన్నను ముందు ఏదో ఒక భాష వచ్చియుండవలెను గదా! ఆ మొదటి భాష వ్యవహారమువలననే వచ్చును.

శాస్త్రములలోని లౌకికన్యాయములు దీనికి మరియొక నిదర్శనము. కర్నల్ జాకబ్ లౌకికన్యాయాంజలి యను పేర వీనిని మూడు భాగములుగా సంకలనము చేసి నిర్ణయసాగర ముద్రణాలయమున ప్రకటించినాడు. ఆ న్యాయములను చూచినచో శాస్త్రము ఇంటి వాకిటను, వంటయింటను, కళ్ళములోను తిరుగాడి వచ్చినదని తెలియును. కమ్మరియొద్దకు ఒకడు వచ్చి కటాహమును, ఆ తరువాత మరియొకడు వచ్చి సూదిని చేసి ఇమ్మనిన, అతడు ముందు సూదిని చేసి ఇచ్చి పంపివేయును, ఇది సూచీకటాహన్యాయము. అల్పవిషయమును ముందు ముగించి మహావిషయమునకు దిగునపుడు వ్యాఖ్యాతలు దీనిని చెప్పుదురు. పాతిన గుంజను కదలించి కదలించి మరల దిగగొట్టినచో గట్టిపడును. ఆక్షేపసమాధానములచేత సిద్ధాంతమును దృఢపరచుటకు స్థూణానిఖననమే పేరు. కళ్ళములో గింజలకొరకు ముసలి పావురములు, పడుచు పావురములు, పిల్లలు ఒక్కసారిగా వ్రాలును. కారకములన్నియు ఏకకాలమున క్రియతో అన్వయించుటను ఖలేకపోతన్యాయముతో మీమాంసకులు వివరించినారు. పావురములు వ్రాలగా చూచినవానికి ఈ మాట అక్కరలేకయే అర్థమగును. కళ్ళమే చూడనివానికి న్యాయమును వివరించుటకు ముందు కళ్ళమును వివరింపవలెను. అప్పటికి గంట మ్రోగును.

తర్కసంగ్రహము చదువు విద్యార్థులందరు కారణత్రైవిధ్యమును వల్లించుదురు. వస్త్రమునకు దారములు సమవాయికారణము, దారముల సంయోగము అసమవాయికారణము, తురీవేమాదులు నిమిత్తకారణము. తురియనగా నాడె, వేమమనగా మగ్గము. నాడె పడుగు నడుమ ఎట్లు పోవునో చూచినవానికి దారమునకును దాని సంయోగమునకును గల భేదము కన్నులకు కట్టును. దారములన్నియు కండెకు చుట్టి ఉన్నంతకాలము వస్త్రము లేదు. అవియే పడుగు పేకలై కలిసిన క్షణమున వస్త్రమున్నది. సంయోగమును వేరు కారణముగ ఎందుకు చెప్పవలెనన్న ప్రశ్న మగ్గము ప్రక్కన నిలిచినవానికి పుట్టదు. చూడనివాడు పుట్టిన ప్రశ్నను అణచుకొని వాక్యమును కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయును. అతనికి మార్కులు కూడ వచ్చును.

అయితే అనుభవము ఒక్కటి చాలునని దీని తాత్పర్యము కాదు. ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుని వృత్తాంతము ఈ విషయమున మిక్కిలి స్పష్టమైనది. హారిద్రుమత గౌతముడు అతనిని ఉపనీతుని చేసి, బక్కచిక్కిన నాలుగువందల గోవులను వేరుచేసి వెంట పొమ్మన్నాడు. అవి వేయి కానిదే మరలిరానని సత్యకాముడు వెళ్ళినాడు. వృషభము, అగ్ని, హంస, మద్గువు అతనికి బ్రహ్మమును గూర్చి ఒక్కొక్క పాదము ఉపదేశించినవి. తిరిగి వచ్చిన శిష్యుని ముఖమును చూడగానే ఆచార్యుడు విషయమును గ్రహించి, ఎవరు బోధించినారని అడిగినాడు. మనుష్యులు కారని సత్యకాముని సమాధానము. అంత తెలిసియు అతడు, ఆచార్యునివలన తెలిసికొన్న విద్యయే సాధిష్ఠమగునని పెద్దలవలన విన్నానని చెప్పి, మరల ఉపదేశమును కోరినాడు. గౌతముడు ఏమియు విడువక ఆ విద్యనే చెప్పినాడు. అడవిలో గడచిన ఏండ్లు వ్యర్థము కాలేదు. ఆచార్యుని ఉపదేశము అనావశ్యకమును కాలేదు. ఇందు సాధారణముగ గమనింపబడని అంశము మరియొకటి ఉన్నది. గురువు శిష్యుని ముఖమును చూచినాడు. చూచి అడిగినాడు. ఈ చూపు ఏమైనదన్న ప్రశ్న ముందు మరల రాగలదు.

ఇక పాఠశాలా దినచర్య. వేదపాఠశాలలో సంథ చెప్పుట మొదటి పని. గురువు ఒకమారు పలికినదానిని శిష్యులు రెండుమార్లు పలుకుదురు. ఆ తరువాత వల్లె. శాస్త్రపాఠశాలలో ఉదయమున పాఠము, సాయంకాలమునకు లేక రాత్రికి చింతన. చింతనయనగా సహాధ్యాయులు కూర్చుండి ఆనాటి పాఠమును మరల ఎత్తుకొనుట. ఒకడు పంక్తిని చదివి అర్థము చెప్పును. రెండవవాడు ఎందుకని అడుగును. ఒకనాడు పూర్వపక్షిగా ఉన్నవాడు మరునాడు సిద్ధాంతిగా ఉండును. న్యాయసూత్రములలో గౌతముడు వాదము ఎవరితో చేయవలెనో చెప్పుచు శిష్యుని, గురువును, సబ్రహ్మచారిని, విశిష్టుని, శ్రేయస్సును కోరువారిని పేర్కొని, వారు అసూయ లేనివారై ఉండవలెనని నియమించినాడు. సబ్రహ్మచారికి ఆ జాబితాలో చోటు దొరకుట యాదృచ్ఛికము కాదు. గురువును ఎదిరించి అడుగుటకు సంకోచించు ప్రశ్నను విద్యార్థి తోడివానిని అడుగును. తాను ఓడిపోవుట, ఓడియు మరునాడు అదే చాపమీద కూర్చుండుట, ఎదుటివాని మతమును వానికంటె బాగుగ చెప్పి ఆ తరువాత ఖండించుట ఇవన్నియు చింతనలోనే అలవడినవి. విద్యార్థికి నాలుగవవంతు ఆచార్యునివలన, నాలుగవవంతు స్వబుద్ధివలన, నాలుగవవంతు సహాధ్యాయులవలన, తక్కినది కాలక్రమమున వచ్చునని పెద్దలు చెప్పు లెక్కలో మూడవవంతునకు ఆధారము ఈ చింతనయే.

అనధ్యయన దినములను గూర్చి రెండు మాటలు. అష్టమి, చతుర్దశి, పర్వతిథులు, ప్రతిపత్తు ఈ తిథులలో క్రొత్త పాఠము చెప్పరాదని నియమము. సుందరకాండలో హనుమంతుడు సీత కృశించియుండుటను ప్రతిపత్తునాడు చదువువాని విద్యతో పోల్చినాడనిన, ఈ నియమము ఎంత సుపరిచితమో తెలియును. ఆ దినములు సెలవులు కావు. క్రొత్త పాఠము లేదు కనుక పాత పాఠము నిలుచుటకు అవకాశము దొరికెడిది. బట్టలు ఉతుకుకొనుట, గ్రంథములు ఎండబెట్టుట, ప్రతులు వ్రాసికొనుట ఆనాటి పనులు. ఆగమకాలమునకు నియతముగ విరామమీయవలెనని పూర్వులు గుర్తించినారు. నేటి సెలవుదినములలో ఆగమమునకు విరామమున్నది గాని స్వాధ్యాయమునకు ఆరంభము లేదు.

విద్యార్థి శారీరకముగ చేసిన పనులలో సమిధలు తెచ్చుట, దర్భలు కోయుట, విస్తళ్ళు కుట్టుట ముఖ్యమైనవి. వీనికిని అమరకోశమునకును గల సంబంధము విచారింపదగినది. ద్వితీయకాండమున వనౌషధివర్గము విద్యార్థులకు మిక్కిలి కష్టమైన వర్గము. పేర్లు వందలు, పర్యాయములు అంతకు మించినవి. అయితే నవగ్రహహోమమునకు సమిధలు ఏరి తెచ్చిన విద్యార్థికి అర్కమనగా జిల్లేడు, పలాశమనగా మోదుగ, ఖదిరమనగా చండ్ర, అపామార్గమనగా ఉత్తరేణి, అశ్వత్థమనగా రావి, ఉదుంబరమనగా మేడి, శమియనగా జమ్మి, దూర్వయనగా గరిక, కుశయనగా దర్భ అని తొమ్మిది పేర్లు చేతికి తగిలి తెలిసినవి. మోదుగాకులను పుల్లలతో విస్తరిగా కుట్టినవాడు ఆ ఆకు ఏ ఋతువులో మెత్తగ ఉండునో, ఎప్పుడు పెళుసుబారునో ఎరుగును. ఫాల్గునమున ఆకులు రాలి చెట్టంతయు ఎఱ్ఱని మొగ్గలతో నిండుటను చూచినవానికి కుమారసంభవము మూడవ సర్గలో కాళిదాసు ఆ వంకర మొగ్గలను బాలచంద్రునితోను, నఖక్షతములతోను పోల్చిన శ్లోకమునకు వ్యాఖ్యానముతో పని తక్కువ. మల్లినాథసూరి అక్కడ చెప్పినది అతడు ముందే చూచినాడు. మల్లినాథుని మాట అతని చూపునకు ప్రమాణమై నిలుచును. చరకసంహిత మొదటి అధ్యాయముననే ఓషధుల నామరూపములను మేకలకాపరులు, గొఱ్ఱెలకాపరులు, గోపాలకులు, ఇతర వనవాసులు ఎరుగుదురని చెప్పబడినది. వారు నామరూపములనే ఎరుగుదురు గాని ప్రయోగమును ఎరుగరని చరకుడు కలిపినాడు. కాని నామరూపములకు వారే ప్రమాణము. నేటి విద్యార్థి పలాశమునకు మోదుగ అని వ్రాయును. మోదుగ ఎట్లుండునని అడిగిన మౌనము వహించును. ఒక తెలియని పదమునకు బదులు మరియొక తెలియని పదము వచ్చినది, అంతే.

ప్రవచనకాలమునకు పాఠశాలలో వేరుగ ఏర్పాటు అవసరము కాలేదు. సిద్ధాంతకౌముది చదువు పెద్దవిద్యార్థి రఘువంశము చదువు చిన్నవారికి పాఠము చెప్పెడివాడు. రఘువంశమువాడు శబ్దమంజరివానిచేత రూపములు చెప్పించెడివాడు. గురువునకు శ్రమ తగ్గుటకు ఇది ఒక ఉపాయముగ మొదలై ఉండవచ్చును. ఫలము మాత్రము పెద్దది. తనకు తెలిసినదనుకొన్న సమాసమును పదేండ్ల బాలునకు చెప్పబోయినపుడే అది తనకు తెలియలేదని పెద్దవానికి తెలియును. చరకుడు విమానస్థానమున శాస్త్రజ్ఞానమునకు అధ్యయనము, అధ్యాపనము, తద్విద్యసంభాష అని మూడు ఉపాయములు చెప్పినాడు; అధ్యాపనమును ఉపాయములలో చేర్చినాడు, ఫలములలో చేర్చలేదు. తైత్తిరీయ శీక్షావల్లిలోను ప్రతి ధర్మముతోను స్వాధ్యాయ ప్రవచనములు జంటగ చెప్పబడినవే గాని స్వాధ్యాయము ఒంటరిగ చెప్పబడలేదు. తెలుగుదేశమున దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము తిరుపతి వేంకటకవులు. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి యొద్ద సహాధ్యాయులు. శతావధానములకు కావలసిన ధారణ, సమయస్ఫూర్తి, ఒకరి మాటను మరియొకరు అందుకొను నేర్పు ఏ పాఠ్యగ్రంథమునను లేవు. ఆ మైత్రి గురుకులమున పుట్టినదే. విద్యార్థిదశను గూర్చి వేంకటశాస్త్రిగారు కథలు–గాథలలో వ్రాసిన భాగములను విద్యావిధాన దృష్టితో పరిశోధించువారు ఇంకను రావలసియున్నది.

వ్యవహారకాలము విషయమున భాష్యకారుడే ఒక చమత్కారమైన సంవాదమును చూపినాడు. ఒక వైయాకరణుడు ఈ రథమునకు ప్రవేత ఎవరని అడిగినాడు. నేనే ప్రాజితనని సూతుడు బదులు పలికినాడు. ప్రాజిత యన్నది అపశబ్దమని వైయాకరణుడు ఆక్షేపించినాడు. తమకు సూత్రప్రాప్తి తెలియును గాని ఇష్టి తెలియదని సూతుడు అతనిని తప్పుపట్టినాడు. పతంజలి ఇందు సూతుని పక్షమే వహించినాడు. రథమును తోలువానికి ఆ పదము వాడుకలో తెలియును; సూత్రము మాత్రమే చదివినవానికి తెలియలేదు. సుశ్రుతుడు ఈ విషయమును మరింత కఠినముగ చెప్పినాడు. శాస్త్రము మాత్రమే ఎరిగి కర్మయందు అభ్యాసము లేనివాడు రోగిని చూడగానే, యుద్ధమున పిరికివానివలె మోహము పొందునట. అందుకే శస్త్రకర్మ నేర్చుకొనువాడు ముందుగ గుమ్మడి, సొర, పుచ్చ, దోస వంటి కాయలమీద కోతలు అభ్యసింపవలెనని యోగ్యాసూత్రీయాధ్యాయమున విధించినాడు.

తెలుగునాట వారములు చేసికొని చదువుకొనుట వ్యవహారకాలమునకు ప్రధానస్థానము. వారమునకు ఏడు ఇండ్లు, దినమునకొక యిల్లు. పేదవిద్యార్థి అన్నముకొరకు వెళ్ళిన ఇంటిలో గృహస్థు తిథి అడుగును, ఇల్లాలు వ్రతకథలోని మాటకు అర్థమడుగును, వృద్ధుడు తనకు సగము వచ్చిన శ్లోకమునకు తక్కిన సగము అడుగును. ఎవరితో ఎట్లు మాట్లాడవలెనో, తెలియనిదానిని తెలియదని ఎట్లు చెప్పవలెనో, కాలాతిక్రమము కాకుండ ఎట్లు చేరవలెనో విద్యార్థికి అక్కడ వచ్చినది. ఒక శ్లోకమును పండితునికి ఒకరీతిగను, ఇల్లాలికి మరియొకరీతిగను చెప్పగలుగుట చిన్న సామర్థ్యము కాదు. పురాణప్రవచనము చేయువారిలో పలువురకు ఆ భాష వారముల ఇండ్లలోనే పట్టువడినది.

ఈ వర్ణనమును చదివి పాతదంతయు బంగారమని భ్రమపడరాదు. వారములలో ఆకలి కూడ ఉన్నది. వారము దొరకని దినమున పస్తు. ఆకలిని గురువుగా స్తుతించుట కడుపునిండినవారు చేయు పని. మహాభారతము ఆదిపర్వములోని ఆయోదధౌమ్యుని ముగ్గురు శిష్యుల కథలను సాధారణముగ శుశ్రూషా ప్రశంసకే ఉదాహరింతురు. ఆరుణి మడిగట్టునకు గండి పడగా వేరు ఉపాయము తోచక తానే అడ్డముగ పరుండినాడు. ఉపమన్యువు గోవులను కాచుచు, గురువు ఒక్కొక్క జీవనోపాయమును నిషేధింపగా, జిల్లేడాకులు తిని అంధుడై నూతిలో పడినాడు. మూడవవాడైన వేదుని కథను తలచువారు తక్కువ. అతడు గురుకులమున చిరకాలము ఎద్దువలె బరువులు మోసి, శీతోష్ణములు, క్షుత్పిపాసలు సహించి విద్య పొందినాడు. తాను గృహస్థుడై శిష్యులను స్వీకరించిన తరువాత మాత్రము, గురుకులవాసదుఃఖమును ఎరిగినవాడగుటచే, వారిని ఏ పనికిని నియోగించి క్లేశపెట్టలేదని వ్యాసుడు స్పష్టముగ చెప్పినాడు. ఆ శిష్యులలో ఒకడే ఉదంకుడు. అనగా శుశ్రూషావిధానమునకు విమర్శ భారతములోనే, ఆ కథల ప్రక్కనే ఉన్నది.

సేవకు, వెట్టికి భేదమెక్కడ? పై కథలలోనే సమాధానము దొరకును. ఆరుణి రాత్రికి రాకపోగా ధౌమ్యుడు స్వయముగ పొలమునకు పోయి పిలిచినాడు. ఉపమన్యువు దేహపుష్టిని గమనించి ఏమి తినుచున్నావని అడిగినాడు. అతడు తిరిగి రానినాడు అడవికి పోయి వెదకినాడు. గౌతముడు సత్యకాముని ముఖమును చూచినాడు. ప్రతిచోటను ఆచార్యుని దృష్టి శిష్యునిమీద ఉన్నది. గురువు కనిపెట్టియుండి, దాని ఫలమును విచారించిన పని విద్యలో భాగమైనది. ఎవరును చూడక, ఎవరును అడుగక చేయించుకొన్న నీళ్ళు మోయుట నీళ్ళు మోయుటగనే మిగిలినది. అటువంటి పాఠశాలలు కూడ ఉండెడివన్నది దాచవలసిన సంగతి కాదు. అన్నిటికిని మించి, ఈ దినచర్యలో ప్రవేశము బహు కొద్దిమందికే లభించినది. స్త్రీలకు లేదు, అధికసంఖ్యాక వర్ణములవారికి లేదు.

వ్రాతపని విషయము వేరు. తాళపత్రముమీద గంటముతో వ్రాసి, అక్షరములు కనబడుటకు మసి పూసి, ముప్పదిరెండు అక్షరములకు ఒక గ్రంథముగ లెక్కించుకొను పని ముద్రణముతో అంతరించినది. 1854 లో చెన్నపురిలో స్థాపితమైన వావిళ్లవారి ముద్రణాలయము సంస్కృతగ్రంథములను తెలుగులిపిలో విద్యార్థికి అందుబాటులోనికి తెచ్చినది. దానికి విలపింప నక్కరలేదు. వ్రాయసకాని ప్రమాదములు కూడ దానితో తగ్గినవి.

నేటి స్థితిలో మరియొక మార్పు వచ్చినది. శ్లోకము, టీక, ప్రతిపదార్థము, కంఠధ్వనితోసహా సెల్‌ఫోనులో క్షణకాలమున లభించుచున్నవి. అనగా ఆగమకాలమున కళాశాల ఇచ్చుచున్నదానిలో అధికభాగము విద్యార్థి అరచేతిలో ఉన్నది. ఆగమము ఒక్కటే ఇచ్చు కళాశాలకు దాని అరచేయియే ప్రతిద్వంద్వి. చేరువారి సంఖ్య తగ్గుచున్నదని విచారించు సంస్థలు ఈ సంగతిని గుర్తింపవలసియున్నది. చింతన, ప్రవచనము, ప్రశ్న, గురువు చూపు మాత్రము ఆ యంత్రమున లభింపవు.

వీనిని పునరుద్ధరించుటకు గురుకులములను మరల కట్టనక్కరలేదు. పూర్వము వాకిలికి వెలుపల నిలిచినవారి బిడ్డలు నేడు ప్రాచ్యకళాశాలలలో చదువుచున్నారు. ఇది న్యాయమైనదను మాట అటుంచి, శాస్త్రమునకు మిక్కిలి లాభకరమైన విషయము. పోచంపల్లి, చీరాల, మంగళగిరి, వెంకటగిరి ప్రాంతముల నేతయిండ్ల విద్యార్థికి తురీవేమములు చిన్ననాటినుండి పరిచితములు. కుమ్మరి బిడ్డకు దండచక్రాదులు, రైతుబిడ్డకు ఖలము, కాపరిబిడ్డకు వనౌషధులు ఇంటి విషయములు. శాస్త్రదృష్టాంతములు పుట్టిన లోకము ఇన్నాళ్ళకు శాస్త్రమువద్దకు నడచివచ్చినది. అయినను తర్కసంగ్రహ పాఠమున అధ్యాపకుడు ఆ విద్యార్థిని లేపి నాడె ఎట్లు నడచునో చెప్పుమని అడుగుట అరుదు. అడిగినచో ఆనాటి పాఠమున ఆగమము ఇరువైపుల జరుగును. ఇంటి పనిని ఇంతవరకు న్యూనతగ భావించిన విద్యార్థికి అది ప్రమాణజ్ఞానమని తెలియును.

రెండవ సంవత్సరము విద్యార్థులు వారమునకు ఒక గంట మొదటి సంవత్సరమువారికి అమరమును, శబ్దములను చెప్పు ఏర్పాటు ఏ కళాశాలలోనైనను సాధ్యమే. అధ్యాపకుడు అక్కడ కూర్చుండవలెను, మధ్యలో మాట్లాడరాదు, తరువాత, చెప్పినవానితో విడిగ విచారింపవలెను. మాసమునకొకనాడు వనౌషధివర్గమును చేతబట్టుకొని ఊరివెలుపలికి పోవుటకు వ్యయము లేదు. పరీక్షావిధానమున శలాకకు కొంత చోటు ఈయవలెను. గ్రంథములో శలాకను గ్రుచ్చి, తగిలిన పుటలోని విషయమును చెప్పించు ఈ పద్ధతి అఖిలభారత శాస్త్రీయ స్పర్ధలలో నేటికిని నిలిచియున్నది. పోటీకి పోవు ఒకరిద్దరికి పరిమితము చేయక తరగతిలో అందరికి పెట్టినచో, ఏ ప్రశ్న వచ్చునన్న ఊహతో చదువు అలవాటు సడలును. చదువని సర్గనుండి ఒక శ్లోకమును ఇచ్చి అన్వయము వ్రాయించు ప్రశ్న పత్రమునకొకటి ఉన్నను మేలే.

చింతనను పూర్వమువలె రాత్రివేళ పెట్టుట నేడు కుదరదు. విద్యార్థినులు, దూరగ్రామములనుండి బస్సులలో వచ్చిపోవువారు సాయంకాలమునకు వెడలిపోవలెను. భోజనవిరామము తరువాతి గంటయే దానికి అనుకూలము. పాఠము వినుటకు అది అధమమైన గంట గాని, వాదించుకొనుటకు బాగుగ పనికివచ్చును. ఈ గంటలు అధ్యాపకుని బోధనాభారములో లెక్కకు వచ్చునట్లు విశ్వవిద్యాలయములు అంగీకరింపవలెను. లెక్కకు రానిచో ఉత్సాహముగల ఒకరిద్దరు అధ్యాపకులు ఉన్నన్ని నాళ్ళు నడచి, వారు పదవీవిరమణ చేసిననాడు అవియును ఆగిపోవును.